రేడియో చరిత్ర రాసేవాళ్ళు బ్యాటరీని మర్చిపోతారు

రేడియో చరిత్ర మీద ఏ వ్యాసం తీసినా వరస మారదు. మార్కోని, వాల్వు (సిగ్నల్‌ని పట్టి పెంచే గాజు బల్బు), 1920 నవంబర్ 2న పిట్స్‌బర్గ్‌లో కేడీకేఏ స్టేషన్ అమెరికా అధ్యక్ష ఎన్నికల ఫలితాలు చదవడం, ఆ తర్వాత హాల్లో చెక్క రేడియో ముందు పిల్లాపాపలతో కూర్చున్న కుటుంబం ఫొటో, ఆఖర్న ట్రాన్సిస్టరు. మధ్యలో ఎక్కడో ఒకచోట "రేడియో దూరాలని చెరిపేసింది" అన్న మాట తప్పనిసరిగా ఉంటుంది. నాకు చిర్రెత్తేది ఆ మాట దగ్గరే. గొంతుకి దూరం చెరిగిపోయింది, ఒప్పుకుంటాను. కానీ ఆ గొంతు వినపడాలంటే కావలసిన బ్యాటరీ మాత్రం ఎప్పట్లాగే మట్టిరోడ్డు మీద ఎవరో ఒకరు మోసుకొస్తేనే వచ్చేది. కరెంటు లేని ఊళ్ళకి రేడియో ఎప్పుడు చేరింది, ఎంతసేపు మోగింది, దాన్ని ఎవరు ఎలా విన్నారు అన్నవన్నీ తేల్చింది స్టేషన్లూ కాదు, ప్రోగ్రాములూ కాదు, ఆ బ్యాటరీ ఖర్చే అని నా వాదన.

మ్యూజియాల తప్పు కూడా ఇందులో కొంత ఉంది. అక్కడ సెట్టు ఒక్కటే పెడతారు. బ్యాటరీలు ఎప్పుడో లీకయ్యి, తుప్పు పట్టి, చెత్తలోకి పోయాయి కాబట్టి నున్నగా పాలిష్ చేసిన పెట్టె ఒక్కటే అద్దం వెనక కనిపిస్తుంది. చూసేవాళ్ళకి అది గోడకి ప్లగ్ పెడితే పాడే వస్తువులాగే అనిపిస్తుంది.

నా దగ్గర ఒక పాత బ్యాటరీ సెట్టు ఉంది. దాని వెనకనుంచి గుడ్డ తొడుగు వేసిన కేబుల్ ఒకటి బయటికొస్తుంది. అందులో ఒక్కో తీగ ఒక్కో రంగు, ఒక్కోదాని చివర చిన్న రేకు ముక్క మీద అచ్చు గుద్ది ఉంటుంది: ఏ ప్లస్, ఏ మైనస్, బి 45, బి 90, సి మైనస్. అంటే ఒక్క రేడియోకి మూడు రకాల బ్యాటరీలన్నమాట. ఏ బ్యాటరీ వాల్వుల్లో ఫిలమెంటుని, అంటే లోపలి సన్నటి తీగని, వేడిచెయ్యడానికి. బి బ్యాటరీలు 45 వోల్టుల దిమ్మలు, వాటిని రెండో మూడో వరసగా కలిపితే వాల్వు లోపల ప్లేటు అనే రేకుకి కావలసిన వోల్టేజీ వచ్చేది. సి బ్యాటరీ చిన్నది, వాల్వు లోపలే ఉండే గ్రిడ్డు అనే జాలీకి. ఈ తీగల్లో ఏదైనా తారుమారై బి వోల్టేజీ పోయి ఫిలమెంటుకి తగిలిందో, సెట్టులో ఉన్న వాల్వులన్నీ ఒక్కసారి భగ్గున వెలిగి మాడిపోతాయి. కొత్త వాల్వులు తెప్పించుకునేదాకా ఇంట్లో ఉన్నది ఉత్త చెక్కపెట్టే. ఇప్పుడు 90 వోల్టుల బ్యాటరీ ఎక్కడా దొరకదు కాబట్టి నాలాంటి పిచ్చివాళ్ళు తొమ్మిది వోల్టుల చిన్న బ్యాటరీలు పది వరసగా గుచ్చి పని కానిస్తారు. అలా గుచ్చుతున్నప్పుడు చేతులు ఇప్పటికీ కాస్త వణుకుతాయి, వాల్వులు మళ్ళీ దొరకవన్న టెన్షన్‌తో.

ఒక లెక్క వేద్దాం. 1920ల మధ్యలో అమెరికాలో బాగా నడిచిన వాల్వు 201-ఏ. దాని ఫిలమెంటు అయిదు వోల్టుల దగ్గర పావు ఆంపియర్ తాగుతుంది. అప్పటి మామూలు సెట్టులో అలాంటివి అయిదు. మొత్తం ఒకటింపావు ఆంపియర్. 80 ఆంపియర్-అవర్ల (అంటే ఒక ఆంపియర్ చొప్పున 80 గంటలు ఇచ్చే) లెడ్ యాసిడ్ బ్యాటరీ పెడితే కాగితం మీద 64 గంటలు. రోజుకి మూడు గంటలు వింటే మూడు వారాలు. ఆ తర్వాత ఆ యాసిడ్ బ్యాటరీని, ఒక చేత్తో ఎత్తలేని బరువుని, బండెక్కించి టౌన్లో గ్యారేజీకి తీసుకెళ్ళి, చార్జింగుకి పెట్టి, అది నిండేదాకా అక్కడ వదిలేసి, మళ్ళీ వెళ్ళి తెచ్చుకోవాలి. కారున్న రైతులు కారు బ్యాటరీనే విప్పి రేడియోకి తగిలించేవాళ్ళు, పొద్దున్నే మళ్ళీ కారుకి బిగించేవాళ్ళు. ఇంట్లో ఆడవాళ్ళ గోల ఇంకొకటి, యాసిడ్ ఒలికి తివాచీకి చిల్లులు పడ్డాయని. ఇక బి బ్యాటరీలు చార్జింగు చేసేవి కావు, అయిపోతే పారేసి కొత్తవి కొనడమే.

బ్యాటరీ అక్కర్లేని రేడియో అప్పుడు లేకపోలేదు. క్రిస్టల్ సెట్టు ఉండేది. గెలీనా అనే సీసపు ఖనిజం ముక్క మీద సన్నటి తీగ మొనని ఆనించి, అటూ ఇటూ జరుపుతూ మోగే చోటు పట్టుకోవడం, హెడ్‌ఫోన్లు పెట్టుకుని వినడం. దానికి పైసా ఖర్చు లేదు, శక్తంతా స్టేషన్ పంపే తరంగంలోంచే వస్తుంది. చిక్కల్లా అందుకు స్టేషన్ దగ్గరలో ఉండాలి. అంటే బ్యాటరీ అక్కర్లేని ఒకే ఒక్క సెట్టు పనికొచ్చింది ఎవరికయ్యా అంటే టౌన్‌కి దగ్గరగా ఉన్నవాళ్ళకి! ఎంత దూరంగా ఉంటే అన్ని వాల్వులు కావాలి, ఎన్ని వాల్వులుంటే అంత బ్యాటరీ కావాలి, ఆ బ్యాటరీ అంత దూరంనుంచి రావాలి.

తయారీదార్లలో కొందరికి ఈ సంగతి తెలియకపోలేదు. 1922 ప్రాంతంలో వెస్టింగ్‌హౌస్ కంపెనీ డబ్ల్యూడీ-11 అనే వాల్వు తీసుకొచ్చింది, దాని ఫిలమెంటు ఒక్క డ్రై సెల్ మీద వెలిగేది, యాసిడ్ బ్యాటరీ గొడవే లేదు. సరైన దారి అదే. అయితే మార్కెట్టు ఇంకో దారి పట్టింది. టొరంటోలో టెడ్ రోజర్స్ అనే ఇంజనీరు 1925లో గోడకి ప్లగ్ పెడితే మోగే సెట్టు అమ్మకానికి పెట్టాడు. బ్యాటరీ లేకపోవడమే దాని గొప్ప. ఎంత గొప్పంటే 1927లో అతను మొదలుపెట్టిన సీఎఫ్‌ఆర్‌బీ స్టేషన్ పేరులో చివరి అక్షరానికి అర్థం "బ్యాటరీలెస్". అదే ఏడు అమెరికాలో ఆర్‌సీఏ కంపెనీ కూడా రేడియోలా 17 అనే సెట్టుతో ఇంటి కరెంటు మీదికి వచ్చేసింది. అక్కణ్ణుంచి కొత్త డిజైన్లు, మంచి స్పీకర్లు, తగ్గే ధరలు అన్నీ ప్లగ్ సెట్లకే. పల్లెకి మిగిలింది సాధారణంగా టౌన్ సెట్టునే కాస్త మార్చి "ఫార్మ్ రేడియో" అని పేరు పెట్టిన సరుకు. 1930 జనాభా లెక్కల్లో అమెరికా ప్రభుత్వం ఇంట్లో రేడియో ఉందా అని కూడా అడిగింది. దేశం మొత్తం మీద నూటికి దాదాపు 40 కుటుంబాలకి ఉంది. వ్యవసాయ కుటుంబాల్లో అయిదింట ఒకదానికి. అందరికన్నా రేడియో అవసరం ఎక్కువున్నవాళ్ళు వీళ్ళే, వాతావరణం కబురూ గోధుమల ధరా తెలియాల్సింది వీళ్ళకే.

సరే, ఉన్నవాళ్ళు ఎలా విన్నారు? పొదుపుగా విన్నారు. రేడియో పెట్టి వదిలేసి వంట చేసుకోవడం, పక్కన మోగుతుంటే పేపరు చదువుకోవడం, ఇవన్నీ ప్లగ్ ఉన్నవాళ్ళ అలవాట్లు. బ్యాటరీ ఇంట్లో రేడియో పెట్టారంటే ఎందుకు పెట్టారో తెలిసుండేది. మధ్యాహ్నం మార్కెట్ ధరలు, వాతావరణం, వినగానే కట్టెయ్యడం. శనివారం రాత్రి పాటలకి మాత్రం కాస్త ధారాళం. ఒక్క హెడ్‌ఫోన్ ఉంటే దాన్ని ఖాళీ గిన్నెలో పెట్టేవాళ్ళు, గిన్నె గోడలకి కొట్టుకుని శబ్దం పెరుగుతుంది కాబట్టి చుట్టూ తలలు పెట్టి నలుగురు వినొచ్చు. ఊరి వాళ్ళంతా ఒకే తీగ మీదుండే పార్టీ లైన్ టెలిఫోన్లో, రేడియో ఉన్నాయన రిసీవర్ తీసి స్పీకరు ముందు పెడితే మిగతా ఇళ్ళవాళ్ళు తమ ఫోన్లలో విన్న సందర్భాలూ ఉన్నాయి.

"అప్పట్లో అందరూ కలిసి వినేవాళ్ళు, ఎంత బాగుండేదో" అని ఇప్పుడు నిట్టూర్చేవాళ్ళని చూస్తే నాకు జాలేస్తుంది. సెట్టు ఒకటి, బ్యాటరీ ఒకటి, అందుకని కలిసి విన్నారు. సొంతంగా కొనుక్కునే వీలు చిక్కిన మరుక్షణం ఎవరిది వాళ్ళు కొనుక్కున్నారు. అలా కూర్చోవడంలో సంతోషం లేదనను, ఉండే ఉంటుంది. కానీ లేమిని ఒక సంస్కృతిగా అలంకరించి మెచ్చుకోవడం నాకు నచ్చదు.

ఇక ఈ కథలో వ్యాపారుల తెలివి చూడండి. సిన్సినాటిలో పావెల్ క్రాస్లీ చవక సెట్లు అమ్మేవాడు. చవక సెట్టంటే తక్కువ వాల్వులు, తక్కువ వాల్వులంటే బలహీనమైన సిగ్నల్ పట్టలేదు. సెట్టుని మెరుగుపరిస్తే ధర పెరుగుతుంది. అందుకని ఆయన స్టేషన్‌నే పెంచాడు. ఆయన డబ్ల్యూఎల్‌డబ్ల్యూ స్టేషన్ 1934 మే నెలలో 500 కిలోవాట్లకి వెళ్ళింది, మిగతా పెద్ద స్టేషన్లకి పరిమితి 50 ఉన్న రోజుల్లో. భారాన్ని వినేవాళ్ళ ఇంటినుంచి తీసి తన ట్రాన్స్‌మిటర్ మీద వేసుకోవడం నిజంగా గొప్ప ఆలోచన, అది అమ్మకాల కోసమే అయినా సరే. షికాగోలో సియర్స్ కంపెనీ కూడా 1924లో డబ్ల్యూఎల్ఎస్ స్టేషన్ పెట్టి రైతుల కోసం ప్రోగ్రాములు నడిపింది, సెట్లేమో తన కేటలాగ్‌లో పోస్టు మీద అమ్మింది. అన్నీ మంచివే వచ్చాయనుకోకండి. కాన్సాస్‌లో జాన్ బ్రింక్లీ అనే ఆయన మేక వృషణాల ముక్కలు మగవాళ్ళకి అతికించి యవ్వనం తెప్పిస్తానని చెప్పుకుంటూ, సొంత స్టేషన్‌లో ఉత్తరాలు చదివి, చూడని రోగులకి గాలిలోనే మందులు రాసిచ్చేవాడు. 1930లో లైసెన్సు పోతే సరిహద్దు దాటి మెక్సికోనుంచి ఇంకా గట్టిగా మొదలుపెట్టాడు. పొదుపు చేసుకున్న బ్యాటరీ గంటల్లో ఇలాంటివాడి మాటలు విన్నవాళ్ళని తల్చుకుంటే కడుపు మండుతుంది.

1930ల్లో రెండు మార్పులు వచ్చాయి. ఒకటి వైబ్రేటర్. కారు రేడియోల కోసం పుట్టిన చిన్న డబ్బా అది, ఆరు వోల్టుల బ్యాటరీ కరెంటుని టకటకా తెంపి కలుపుతూ పెద్ద వోల్టేజీగా మార్చుకునేలా చేస్తుంది. దాంతో బి, సి బ్యాటరీలు పోయి ఒక్కటే మిగిలింది. రెండోది గాలిమర. అయోవా రాష్ట్రం సూ సిటీలో విన్‌చార్జర్ అనే కంపెనీ ఇంటికప్పు మీద బిగించే చిన్న గాలిమరలు చేసేది, అది తిరిగితే కింద బ్యాటరీ చార్జవుతుంది. రేడియోలు చేసే జెనిత్ కంపెనీ దాన్లో వాటా కొని, తన ఫార్మ్ సెట్లతో కలిపి అమ్మింది. ఏడాదికి కరెంటు ఖర్చు 50 సెంట్లే అని ప్రకటనలు. గమనించారా, సెట్టు మాధుర్యం గురించి కాదు, నడిపే ఖర్చు గురించి. పల్లెలో అమ్మాలంటే ఏం చెప్పాలో వాళ్ళకి అర్థమైంది. ఇదంతా ఎందుకు కావాల్సొచ్చిందంటే ఆ దేశంలో 1935లో గ్రామీణ విద్యుదీకరణ సంస్థ పెట్టేనాటికి పదింట ఒక వ్యవసాయ కుటుంబానికే కరెంటుంది. తీగలు వచ్చాక గాలిమరలు దిగాయి, ఫార్మ్ రేడియోలు అటకెక్కాయి.

ఆస్ట్రేలియా కథ వేరు. అక్కడ లోపలి ప్రాంతాల్లో పశువుల స్టేషన్లు, అంటే పశువుల్ని పెంచే పెద్ద పెద్ద క్షేత్రాలు, ఒకదానికొకటి ఎంతెంత దూరమంటే పక్కింటికి వెళ్ళడమే ఒక ప్రయాణం. జాన్ ఫ్లిన్ అనే ప్రెస్బిటీరియన్ పాస్టర్ 1928 మేలో క్వీన్స్‌లాండ్‌లోని క్లాంకరీనుంచి విమానంలో డాక్టరుని పంపే సేవ మొదలుపెట్టాడు. విమానం ఉంది, డాక్టరున్నాడు, జబ్బు చేసిందని కబురు చెప్పేదెలా? వినడం ఒక్కటీ సరిపోదు, మాట్లాడాలి, ట్రాన్స్‌మిటర్‌కి రిసీవరు కన్నా చాలా శక్తి కావాలి. అంతకుముందు చేసిన ప్రయోగాలన్నీ బరువైన బ్యాటరీల దగ్గరే చతికిలపడ్డాయి. అడిలైడ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ ట్రేగర్ సైకిల్ పెడళ్ళు పెట్టి కాళ్ళతో తొక్కే జనరేటర్ చేశాడు. దాదాపు 300 వోల్టులు, 20 వాట్లు. కుర్చీలో కూర్చుని కింద పెడళ్ళు తొక్కుతూ పైన చేతులతో మోర్స్, అంటే చుక్కలూ గీతలుగా పంపే టెలిగ్రాఫ్ సంకేతాలు, కొట్టొచ్చు. 1929లో ఆగస్టస్ డౌన్స్ అనే పశువుల స్టేషన్‌లో మొదటి సెట్టు పెట్టారు. మోర్స్ నేర్చుకోవడం అందరివల్లా అయ్యేపని కాదని, తర్వాత ఆయనే టైపు మిషను లాంటి కీబోర్డు చేశాడు, అక్షరం నొక్కితే దాని మోర్స్ సంకేతం అదే వెళ్ళిపోతుంది. ఆ తర్వాత మాటలు వచ్చాయి. మాటలు రాగానే ఆడవాళ్ళు రోజూ ఒక సమయం పెట్టుకుని ఆ నెట్‌వర్క్ మీద కబుర్లు మొదలుపెట్టారు, దానికి గలా సెషన్ అని పేరు, గలా అంటే అక్కడి గోలగోల చిలక. 1951లో ఆలిస్ స్ప్రింగ్స్‌లో ఇదే రేడియో మీద పిల్లలకి బడి మొదలైంది.

ట్రేగర్ ఇక్కడ కరెంటు ఎలా పంపాలా అని ఆలోచించలేదు. అక్కడ ఏం ఉందో చూశాడు. అక్కడ మనిషి కాళ్ళున్నాయి. ఇరవై వాట్లకి అవి చాలు. డిజైన్ అంటే నా దృష్టిలో ఇదే.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన సెట్టు మాత్రం ఆఫ్రికాలోది. ఇప్పటి జాంబియా అప్పట్లో బ్రిటిష్ పాలనలో ఉత్తర రొడీషియా. లుసాకాలో 1941లో, యుద్ధం రోజుల్లో, చిన్న స్టేషన్ పెట్టారు. బెంబా, న్యాంజా, లోజీ, టోంగా వంటి భాషల్లో ప్రోగ్రాములు. మొదట్లో సెట్లు ఊరి పెద్దల దగ్గరా, క్రైస్తవ మిషన్లలో, సర్కారు కార్యాలయాల్లో ఉండేవి, జనం వెళ్ళి వినాలి. సమాచార శాఖ చూసే హ్యారీ ఫ్రాంక్లిన్‌కి ఇది సరిపోలేదు. మామూలు మనిషి కొనుక్కోగలిగే సెట్టు కావాలని బ్రిటన్‌లో కంపెనీల చుట్టూ ఏళ్ళ తరబడి తిరిగాడు. ఎవరూ ఒప్పుకోలేదు. కొనేవాళ్ళెక్కడున్నారు అన్నది వాళ్ళ ప్రశ్న. ఆఖరికి ఒప్పుకున్నదెవరు? ఎవర్ రెడీ. బ్యాటరీల కంపెనీ! వాళ్ళ లెక్క ఏమిటో ఊహించడం కష్టం కాదు, సెట్టు ఒక్కసారి కొంటారు, బ్యాటరీ బతికినన్నాళ్ళూ కొంటారు.

1949లో వచ్చిన ఆ సెట్టు పేరు సాస్‌పాన్ స్పెషల్. తొమ్మిదంగుళాల అల్యూమినియం సాస్‌పాన్ గిన్నె ఉంటుందే, దాన్నే పెట్టెగా వాడారు. చెక్కపెట్టె చేయించే ఖర్చు తప్పింది, పైగా అల్యూమినియాన్ని తేమా ఏమీ చెయ్యదు, పురుగూ ఏమీ చెయ్యదు. నీలం రంగు వేశారు, మూఢనమ్మకాలు తక్కువగా ఉన్న రంగు అదని విచారించి మరీ. నాలుగు వాల్వులు, షార్ట్ వేవ్. ధర 5 పౌన్లు. బ్యాటరీ విడిగా 1 పౌను 5 షిల్లింగులు, సుమారు 300 గంటలు వచ్చేది.

ఇప్పుడు అప్పటి డబ్బులో లెక్క చూడండి. పౌనుకి 20 షిల్లింగులు, షిల్లింగుకి 12 పెన్నీలు. 1 పౌను 5 షిల్లింగులంటే 300 పెన్నీలు. 300 గంటలకి 300 పెన్నీలు. గంటకి సరిగ్గా ఒక పెన్నీ. అనుకుని చేశారో అలా కుదిరిందో గానీ, ఇంత శుభ్రంగా అర్థమయ్యే రేటు ఇంకే రేడియోకీ నేను చూళ్ళేదు. అలాగని చవకేమీ కాదు, బ్యాటరీ ధర సెట్టు ధరలో నాలుగో వంతు. నాలుగు బ్యాటరీలు మార్చేసరికి ఇంకో సెట్టు కొన్నట్టే. అయినా కొన్నారు, రాగి గనుల్లో జీతాలొచ్చే కార్మికులు ముఖ్యంగా. స్టేషన్‌కి ఉత్తరాలు కుప్పలు తెప్పలుగా వచ్చాయి. అలిక్ ఎన్‌కాటా లాంటి అనౌన్సర్లు, ఆయన గాయకుడు కూడా, ఇంటింటికీ తెలిసిన పేర్లయ్యారు.

ఇక్కడే ఒక చురక. సర్కారు ఈ రేడియోని తన మాట చేరడానికే పెట్టింది. 1953లో ఆఫ్రికన్లు వద్దంటున్నా వినకుండా ఉత్తర, దక్షిణ రొడీషియాలనీ న్యాసాలాండ్‌నీ కలిపి ఫెడరేషన్ చేసినప్పుడు, అదే సాస్‌పాన్‌లలో అదే స్టేషన్ చెప్పే మాటల్ని జనం అనుమానించడం మొదలుపెట్టారు. అనౌన్సర్లని సర్కారుకి అమ్ముడుపోయినవాళ్ళుగా చూశారు. గంటకి పెన్నీ పెట్టి వినేవాడు ఊరికే వినడు, తూకం వేసుకుని వింటాడు. మారుమూల జనానికి ఏది చెబితే అది నమ్ముతారని అనుకునే పెద్దమనుషులు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు.

మరి ట్రాన్సిస్టరు వచ్చి అన్నీ తీర్చేసింది కదా అంటారు. తీర్చింది, అయితే వెంటనే కాదు. 1954లో అమెరికాలో వచ్చిన మొదటి ట్రాన్సిస్టర్ సెట్టు రీజెన్సీ టీఆర్-1 ధర 49.95 డాలర్లు, దాని 22.5 వోల్టుల ప్రత్యేకమైన బ్యాటరీ వచ్చేది ఇరవై చిల్లర గంటలు. సాస్‌పాన్ 300 గంటల ముందు ఇదెంత? జేబులో పట్టడం దాని గొప్ప, అది టౌన్ మనిషి గొప్ప. అసలు మార్పు తర్వాత వచ్చింది, ట్రాన్సిస్టరు సెట్లు మామూలు టార్చిలైటు సెల్లుల మీద నడవడం మొదలుపెట్టినప్పుడు. ట్రాన్సిస్టరులో ఫిలమెంటు లేదు, ఊరికే వేడిచెయ్యడానికి కరెంటు తగలెయ్యక్కర్లేదు, 90 వోల్టులూ అక్కర్లేదు. ఏ చిన్న కొట్లోనైనా టార్చి కోసం ఎలాగూ పెట్టుకునే సెల్లే రేడియోకీ సరిపోయింది. రేడియో కోసమే వేరే సరుకు రోడ్డెక్కి రావాల్సిన పని పోయింది. చరిత్రకారులు ట్రాన్సిస్టరు కనిపెట్టిన ముగ్గురి పేర్లూ రాస్తారు, సంతోషం, టార్చి సెల్లు గురించి కూడా ఒక్క వాక్యం రాస్తే బాగుండు.

అప్పటికీ బాధ పూర్తిగా పోలేదు. ఆఫ్రికాలో ఎయిడ్స్ గురించి సమాచారం రేడియో ద్వారా చేరవెయ్యడానికి కరెంటూ బ్యాటరీలూ అడ్డమని 1991లో టీవీలో చూసి, ఇంగ్లండులో ట్రెవర్ బేలిస్ అనే ఆయన కీ ఇచ్చి తిప్పితే మోగే రేడియో చేశాడు. లోపల స్ప్రింగు, అది విప్పుకుంటూ చిన్న జనరేటర్‌ని తిప్పుతుంది. దక్షిణాఫ్రికాలో ఫ్యాక్టరీ పెట్టి ఫ్రీప్లే పేరుతో అమ్మారు. తర్వాత వచ్చిన మోడళ్ళలో స్ప్రింగు తీసేసి, కీ తిప్పితే చార్జయ్యే బ్యాటరీ పెట్టారు. డిజైన్ అలా మారడంతో తనకి రావాల్సిన డబ్బు రాకుండా పోయిందని బేలిస్ చివరిదాకా వాపోయాడు.